నాలుగు జతల డిస్కులు, ఒక థిన్ పూల్: నా అనుభవం

సర్వర్ నెమ్మదించిందంటే అందరూ ముందు చూసేది సీపీయూని, ర్యామ్‌ని. మా సర్వర్‌లో రెండూ ఖాళీగానే ఉన్నాయి. అయినా ఉదయం తొమ్మిదిన్నర నుంచి ఫోన్లు మొదలయ్యేవి. "ఏమండీ, బిల్లు సేవ్ కొడితే తిరుగుతూనే ఉంది, కౌంటర్ దగ్గర మనుషులు నిలబడ్డారు" అని గుంటూరు నుంచి ఒకరు, "స్టాకు రిపోర్టు రావట్లేదు సార్" అని ఖమ్మం నుంచి ఇంకొకరు. మధ్యాహ్నం రెండు దాటాక ఎవరూ ఏమీ చేయకుండానే అంతా సర్దుకునేది. మర్నాడు ఉదయం మళ్లీ అదే కథ.

మాది హైదరాబాద్‌లో చిన్న ఆఫీసు. మందుల హోల్‌సేల్ వ్యాపారులకు బిల్లింగ్, స్టాకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ నడుపుతాం. అంతా ఒక కేవీఎం సర్వర్ (లైనక్స్‌లో ఒకే కంప్యూటర్‌ని చాలా కంప్యూటర్లుగా పంచే పద్ధతి) మీద ఉన్న వర్చువల్ మెషీన్లలోనే నడుస్తుంది. అందులో బరువంతా ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పడుతుంది. ఆ సర్వర్‌ని మొదట కట్టింది బయటి ఏజెన్సీ. నేను దాన్ని అందుకునేసరికి అందులో 1.92 టీబీ ఎస్ఎస్‌డీలు ఎనిమిది ఉన్నాయి, రెండేసి చొప్పున నాలుగు రెయిడ్ 1 జతలుగా, అంటే జతలోని రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా. డిస్కుల చోటుని కలిపి పంచిపెట్టే లైనక్స్ పొర ఎల్‌వీఎం. ఒక్కో జత దానికి ఒక్కో ఫిజికల్ వాల్యూమ్, అంటే ఒక్కో డిస్కు లెక్క. వాటి మీద ఒక థిన్ పూల్, పూల్‌లో మెషీన్లకు ఇచ్చిన డిస్కులు.

థిన్ పూల్ ఎరగని వాళ్ల కోసం రెండు మాటలు. పెళ్లికి వెయ్యి మందిని పిలిచి, అందరూ ఒక్క పంక్తిలో కూర్చోరని తెలిసి ఆరువందల విస్తళ్లకే వండించడం లాంటిది ఇది. మెషీన్‌కి 500 జీబీ డిస్కు ఇచ్చామని చెబుతాం, కానీ అది రాసినంత మేరకే పూల్‌లోంచి చోటు తీసిస్తాం. ఆ చోటు చంకుల (ఒకే సైజు ముక్కల) లెక్కన వెళుతుంది. ఏ మెషీన్ డిస్కులోని ఏ చంక్, పూల్‌లో ఎక్కడ ఉందన్న పద్దు మెటాడేటాలో ఉంటుంది. లైనక్స్ కెర్నెల్‌లోకి ఇది 2012 జనవరిలో వచ్చిన 3.2 వెర్షన్‌తో చేరింది. రాసింది జో థోర్న్‌బర్. చాలా గట్టి పనితనం ఉన్న కోడ్ అది, నాకు దాని మీద గౌరవం. కాకపోతే కొన్ని అంకెలు పూల్ కట్టే రోజునే సరిగ్గా ఇవ్వాలి. ఆ రోజు దాటితే వాటిని మార్చే దారి ఉండదు.

నేను ముందు చేసింది డిస్కుల పనిని చూపే ఐఓస్టాట్ నడిపి, మొత్తం సగటుని కాక జతల వారీగా చూడటం. సర్వర్ మొత్తం మీద చూస్తే డిస్కులు పావు వంతు పనే చేస్తున్నట్టు కనిపిస్తుంది. జతల వారీగా చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనబడింది. మొదటి జత యుటిలైజేషన్ ఉదయమంతా వందకి ఆనుకునే ఉంది. దాని ముందు క్యూ పెరుగుతోంది, ఒక్కో రైట్ పూర్తి కావడానికి పట్టే సమయం పెరుగుతోంది. రెండో జత ఓ మాదిరి. మూడు, నాలుగు జతలు దాదాపు నిద్రపోతున్నాయి. నాలుగు జతలు కొని ఒక్క జతతో పని చేయిస్తున్నామన్నమాట.

కారణం ఎల్‌వీఎం వాల్యూమ్‌లని చూపే ఎల్‌వీఎస్ కమాండ్‌లోనే దొరికింది. దానికి మైనస్ ఏ ఇచ్చి, సెగ్మెంట్లు, డివైసెస్ కాలమ్‌లు కూడా అడిగితే పూల్ లోపలి డేటా వాల్యూమ్, అంటే టీడేటా, ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. మాది నాలుగు ముక్కలు. నాలుగూ లీనియర్, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా అతికినవి. మొదట ఒక జతతో పూల్ కట్టారు. అది నిండుతుంటే ఇంకో జత కొని వాల్యూమ్ గ్రూప్‌లో (ఎల్‌వీఎం కలిపి ఉంచే డిస్కుల గుంపులో) చేర్చి, పూల్‌ని పొడిగించారు. అలా మూడుసార్లు. పొడిగించిన ప్రతిసారీ కొత్త చోటు పాతదాని చివర అతికిందే గానీ, పాత డేటా కొత్త డిస్కుల మీదకి పరుచుకోలేదు. డేటాబేస్ మెషీన్ అన్నిటికన్నా ముందు పుట్టింది కాబట్టి దాని చంకులన్నీ మొదటి జత మీదే ఉన్నాయి.

ఇలాంటి పని మొదలుపెట్టే వాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే. షెడ్యూలర్ మార్చాలా, క్యూ డెప్త్ పెంచాలా అని వెతకడానికి ముందు, మీ డేటా నిజంగా ఏ డిస్కు మీద ఉందో కళ్లతో చూడండి. వాల్యూమ్ గ్రూప్‌లో నాలుగు డిస్కులు కనిపించినంత మాత్రాన నాలుగూ పని చేస్తున్నట్టు కాదు.

అయితే ఇది మధ్యాహ్నం తర్వాత ఎందుకు తేలికవుతుందో చెప్పదు. డిస్కు భారం లీనియర్ వల్లే అయితే రోజంతా ఒకేలా ఉండాలి. మా టీమ్‌లో చేరి ఏడాది కాని కుర్రాడు బ్యాకప్ స్క్రిప్ట్ తెరిచి చూపించాడు. "అన్నా, రాత్రి ఒంటిగంటకి అన్ని డిస్కులకీ స్నాప్‌షాట్ తీస్తోంది. వారం రోజులవి ఉంచుతోంది" అన్నాడు. అక్కడ తీగ దొరికింది.

స్నాప్‌షాట్ అంటే డిస్కు ఆ క్షణానికి ఎలా ఉందో అలా నిలిపి ఉంచిన నకలు. థిన్ స్నాప్‌షాట్ తీయగానే అసలు డిస్కూ, స్నాప్‌షాటూ ఒకే చంకులని పంచుకుంటాయి. ఆ తర్వాత ఏదైనా చంక్‌లో మొదటిసారి రాస్తే, ఆ చంక్ మొత్తాన్ని కొత్త చోటికి కాపీ చేసి అక్కడ రాయాలి. దాన్నే కాపీ ఆన్ రైట్ అంటారు. రాసేది చంక్ మొత్తాన్నీ కప్పేస్తే కాపీ అక్కర్లేదు, కానీ డేటాబేస్ అలా రాయదు. పోస్ట్‌గ్రెస్ పేజీ 8 కేబీ. మా పూల్ చంక్ సైజు చూస్తే 1 ఎంబీ. అంటే 8 కేబీ మార్చడానికి 1 ఎంబీ చదివి, 1 ఎంబీ రాయాలి. 128 రెట్లు. ఉదయం షాపులు తెరిచాక రోజూ వాడే టేబుళ్లు, ఇండెక్సులు ఉన్న చంకులన్నీ ఒక్కొక్కటిగా ఈ కాపీకి గురవుతున్నాయి. మధ్యాహ్నానికి వేడి చంకులన్నీ కాపీ అయిపోయేవి, అప్పట్నుంచి మామూలుగా నడిచేది. రాత్రి ఒంటిగంటకి మళ్లీ అన్నీ ఉమ్మడి అయిపోయేవి.

వారం రోజుల స్నాప్‌షాట్లు ఉంచడం వల్ల ఏడు రెట్లు భారం పడుతుందని కొందరు అనుకుంటారు. పాతకాలపు ఎల్‌వీఎం స్నాప్‌షాట్లకి అది నిజం, ఎన్ని స్నాప్‌షాట్లు ఉంటే అన్నిసార్లు కాపీ. థిన్‌లో అలా కాదు. ఒకటున్నా ఏడున్నా కాపీ ఒక్కసారే. కాబట్టి పాతవి తీసేయడం వల్ల చోటు మిగులుతుందే తప్ప ఉదయం బాధ తగ్గదు. బాధ ఉన్నది స్నాప్‌షాట్ ఎంత తరచుగా తీస్తున్నామన్న దాంట్లోనూ, చంక్ సైజులోనూ.

ఇంతకీ 1 ఎంబీ ఎవరు పెట్టారు? ఎవరూ పెట్టలేదు. పూల్ కట్టేటప్పుడు చంక్ సైజు చెప్పకపోతే ఎల్‌వీఎం తనే లెక్క వేసుకుంటుంది. మెటాడేటా 128 ఎంబీ దాటకుండా ఉండేలా చంక్‌ని పెంచుకుంటూ పోతుంది. 1.5 టీబీ పూల్‌కి ఆ లెక్కన 1 ఎంబీ వస్తుంది. చంక్ 64 కేబీ నుంచి 1 జీబీ వరకు, 64 కేబీ గుణిజాల్లో ఎంతైనా పెట్టుకోవచ్చు. కానీ ఒకసారి పెట్టాక మార్చలేం. స్ట్రైప్ (డేటాని ముక్కలు చేసి అన్ని డిస్కుల మీదా వరసగా పరచడం) సంగతీ దాదాపు అంతే. ఉన్న లీనియర్ పూల్‌ని నాలుగు డిస్కుల మీదకి పరిచే తేలికైన కమాండ్ లేదు. కాబట్టి దారి ఒక్కటే: అంతా వేరే చోటికి తరలించి, పూల్‌ని మళ్లీ కట్టడం.

ఈ మాట మేనేజర్‌కి చెప్పడానికి ముందు అంకెలు చేతిలో ఉండాలనుకున్నాను. ఆఫీసులో పాత సర్వర్ ఒకటి ఖాళీగా ఉంది, అందులో నాలుగు డిస్కులు పెట్టి ప్రయోగాలు మొదలుపెట్టాం. డిస్కు వేగం కొలిచే ఫియో టూల్‌తో టెస్టు. ఇక్కడే థిన్ వాల్యూమ్ గురించి తెలిసి ఉండాల్సిన ఒక సంగతి ఉంది. కొత్తగా సృష్టించిన థిన్ డిస్కు మీద రీడ్ టెస్టు పెడితే నమ్మలేనంత వేగం చూపిస్తుంది. ఎందుకంటే ఇంకా రాయని చోటికి చంకే లేదు. చంక్ లేని చోట చదివితే పూల్ డిస్కు దాకా వెళ్లకుండానే సున్నాలు ఇచ్చేస్తుంది. ఆ అంకె డిస్కుది కాదు, మెమరీది. ఎవరైనా "మా థిన్ పూల్ రీడ్ స్పీడ్ ఇంత" అని స్క్రీన్‌షాట్ పెడితే నేను ముందు అడిగేది, టెస్టుకి ముందు డిస్కుని నింపారా అని.

రైట్ టెస్టుకి ఒక్క అంకె చాలదు. ఒకే డిస్కు మీద మూడు రకాల వేగాలు ఉంటాయి. ఖాళీ డిస్కు మీద మొదటిసారి రాసేటప్పుడు కొత్త చంక్ కేటాయించాలి, దాన్ని సున్నాలతో నింపాలి, మెటాడేటాలో పద్దు రాయాలి. ఇది నెమ్మది. అదే చోట రెండోసారి రాస్తే ఇవేవీ లేవు, డిస్కు వేగానికి చాలా దగ్గరగా ఉంటుంది. స్నాప్‌షాట్ తీసి మళ్లీ అదే చోట రాస్తే కాపీ భారం పడుతుంది. అందుకని ప్రతి అమరికకీ మూడు దశల్లోనూ టెస్టు చేశాం: ఖాళీ మీద, నింపిన దాని మీద, స్నాప్‌షాట్ తర్వాత. పేజ్ క్యాష్ (కెర్నెల్ మెమరీలో ఉంచుకునే నకలు) అడ్డం రాకుండా డైరెక్ట్ ఆప్షన్ పెట్టాం. బ్లాక్ సైజు 8 కేబీ, ర్యాండమ్ రైట్, మా డేటాబేస్ చేసే పనికి అదే దగ్గర. బ్యాకప్ కోసం 1 ఎంబీ వరుస రీడ్ కూడా చూశాం.

స్ట్రైప్ సైజు దగ్గర పెద్దగా తర్జనభర్జన పడలేదు. ఎల్‌వీఎం మామూలుగా ఇచ్చే 64 కేబీనే ఉంచాం. 8 కేబీ పేజీ ఎప్పుడూ 64 కేబీ గీత దాటదు, కాబట్టి ఒక పేజీ రైట్ ఒక్క జతకే వెళుతుంది, మిగతా మూడు జతలు వేరే పేజీల పని చూసుకోవచ్చు. బ్యాకప్ లాంటి పెద్ద రీడ్లు మాత్రం నాలుగింటి మీదా పరుచుకుంటాయి. నాలుగు జతలు, ఒక్కోదానికి 64 కేబీ, మొత్తం ఒక పూర్తి స్ట్రైప్ 256 కేబీ.

చంక్ దగ్గర మాత్రం బాగా ఆలోచించాం. కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లో ఒక సూచన ఉంది: చోటు ఆదా కోసమే థిన్ వాడేవాళ్లు 512 కేబీ లాంటి పెద్ద చంక్ పెట్టుకోవచ్చు, స్నాప్‌షాట్లు ఎక్కువ తీసేవాళ్లు 64 కేబీ లాంటి చిన్నది పెట్టుకోవచ్చు. మాకు స్నాప్‌షాట్లు కావాలి, కాబట్టి 64 కేబీ వైపు మొగ్గాలనిపించింది. కాపీ భారం 128 రెట్ల నుంచి 8 రెట్లకి దిగుతుంది. కానీ 64 కేబీ చంక్ అంటే చంక్ మొత్తం ఒకే జత మీద కూర్చుంటుంది. పది మెషీన్లు ఒకేసారి రాస్తుంటే పూల్ ఎవరు ముందు అడిగితే వాళ్లకి తర్వాతి చంక్ ఇస్తుంది. కొన్నాళ్లకి ఒక మెషీన్ డిస్కులో పక్కపక్కన ఉన్న భాగాలు పూల్‌లో చెల్లాచెదురవుతాయి. అప్పుడు వరుస రీడ్ కూడా 64 కేబీ ముక్కల ర్యాండమ్ రీడ్ అయిపోతుంది. మెటాడేటా కూడా పెరుగుతుంది. చంక్‌కి 48 బైట్ల చొప్పున లెక్క వేయమని కెర్నెల్ డాక్యుమెంటేషన్ చెబుతుంది. 6 టీబీ పూల్‌కి 64 కేబీ చంక్ అయితే దాదాపు 4.5 జీబీ కావాలి. 256 కేబీ అయితే 1.1 జీబీ పైచిలుకు. 1 ఎంబీ అయితే 288 ఎంబీ. మెటాడేటాకి గరిష్ఠ పరిమితి 16 జీబీ, కాబట్టి 64 కేబీ కుదరదని కాదు. కానీ స్నాప్‌షాట్లు చేరేకొద్దీ ఆ లెక్క పైకే పోతుంది.

చివరికి 256 కేబీ పెట్టాం. అది సరిగ్గా ఒక పూర్తి స్ట్రైప్. ప్రతి చంక్ నాలుగు జతల మీదా సమానంగా పరుచుకుంటుంది, చంకులు ఎంత చెదిరినా భారం ఒక జత మీద పోగవదు. ఒక చంక్ కాపీ అయ్యేటప్పుడు కూడా నాలుగు జతలూ తలా 64 కేబీ పంచుకుంటాయి. 8 కేబీ పేజీకి కాపీ భారం 32 రెట్లు. 64 కేబీతో పోలిస్తే ఎక్కువే, 1 ఎంబీతో పోలిస్తే నాలుగో వంతు. ఇంకో లాభం కూడా ఉంది. చంక్ సైజు పూర్తి స్ట్రైప్‌తో సరిగ్గా సమానంగా ఉంటే, కింది డిస్కులు చెప్పే ఆప్టిమల్ ఐఓ సైజుని థిన్ పొర చెడగొట్టకుండా పైకి అందిస్తుంది. టెస్టు సర్వర్‌లో స్నాప్‌షాట్ తర్వాతి దశలో 256 కేబీకీ, 1 ఎంబీకీ మధ్య తేడా చూశాక మేనేజర్‌ని ఒప్పించడానికి ఎక్కువసేపు పట్టలేదు.

మెటాడేటాని ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. కొత్త చంక్ కేటాయించిన ప్రతిసారీ, ఉమ్మడి చంక్ విడిపోయిన ప్రతిసారీ మెటాడేటా మారుతుంది. అలా మారి ఉన్న వాల్యూమ్ మీద డేటాబేస్ ఎఫ్‌సింక్ (రాసింది నిజంగా డిస్కుకి చేరిందన్న హామీ) అడిగితే, మెటాడేటా కమిట్ అయ్యాకే దానికి జవాబు వస్తుంది. అంటే ఉదయం పూట ప్రతి బిల్లు సేవ్ వెనకా ఒక మెటాడేటా కమిట్ ఉండొచ్చు. అది డేటా తిరిగే డిస్కుల మీదే ఉంటే ఆ క్యూలోనే నిలబడాలి. అందుకని రెండు చిన్న ఎన్‌వీఎంఈ డిస్కులు (ఇంకా వేగమైన ఎస్ఎస్‌డీలు) కొని రెయిడ్ 1 చేసి, మెటాడేటాని వాటి మీద పెట్టాం. ఒక్క డిస్కు మీద పెడదామన్న మాట వచ్చింది గానీ నేను ఒప్పుకోలేదు. మెటాడేటా పోతే డేటా మొత్తం డిస్కుల మీద ఉండి కూడా ఏ చంక్ ఎవరిదో తెలియని గుట్ట అయిపోతుంది. థిన్ రిపేర్ అనే టూల్ ఉంది నిజమే, కానీ దాని మీద భరోసా పెట్టుకుని పూల్ కట్టకూడదు. సైజు 4 జీబీ ఇచ్చాం, లెక్కకి మూడు రెట్లకి పైనే. ఎల్‌వీఎం రిపేర్ కోసం అంతే సైజులో ఇంకో ఖాళీ వాల్యూమ్ పక్కన పెట్టుకుంటుంది, దానికీ చోటు ఉండాలి.

పూల్ కట్టిన పద్ధతి ఇది. ముందు ఎల్‌వీక్రియేట్‌తో మామూలు స్ట్రైప్డ్ వాల్యూమ్ చేశాం: చిన్న ఐ దగ్గర 4, పెద్ద ఐ దగ్గర 64 కేబీ, నాలుగు జతల పేర్లు వరసగా ఇచ్చి. తర్వాత ఎన్‌వీఎంఈ జత మీద 4 జీబీ మెటాడేటా వాల్యూమ్. ఆ తర్వాత ఎల్‌వీకన్వర్ట్‌తో రెండింటినీ కలిపి థిన్ పూల్‌గా మార్చాం, చంక్ సైజు 256 కేబీ అని స్పష్టంగా ఇచ్చి. ఇలా విడివిడిగా చేస్తే ఏది ఏ డిస్కు మీద కూర్చుందో మన చేతిలో ఉంటుంది. అన్నీ అయ్యాక మళ్లీ ఎల్‌వీఎస్‌తో స్ట్రైప్‌లు, స్ట్రైప్ సైజు, చంక్ సైజు, డివైసెస్ కాలమ్‌లు చూసి, పీవీఎస్‌లో డేటా మొదలయ్యే చోటు 1 ఎంబీ దగ్గర ఉందో లేదో చూసుకున్నాం. 1 ఎంబీ అయితే 256 కేబీకి గుణిజమే, అక్కడ గీతలు కలుస్తాయి.

సున్నాలతో నింపడం ఆపేయాలా వద్దా అన్నదాని మీద మా డేటాబేస్ చూసే మేడమ్‌కీ నాకూ కాసేపు చర్చ నడిచింది. కొత్త చంక్ ఇచ్చేటప్పుడు పూల్ దాన్ని ముందు సున్నాలతో నింపుతుంది. పెద్ద జెడ్ ఆప్షన్‌తో దాన్ని ఆపొచ్చు, కొత్త చంకుల మీద రాసే వేగం బాగా పెరుగుతుంది. "ఫైల్ సిస్టమ్ తను రాయని బ్లాక్‌ని ఎటూ చదవదు కదా, ఆపేద్దాం" అన్నారావిడ. ఆ మాట నిజమే. కానీ మా మెషీన్లలో కొన్నింటికి కస్టమర్ల ఐటీ వాళ్లకి రూట్ యాక్సెస్ (మెషీన్ మీద పూర్తి అధికారం) ఇచ్చాం. సున్నాలు లేకపోతే, రద్దు చేసిన వేరే మెషీన్ డిస్కులోని పాత డేటా వాళ్ల డిస్కు ముక్కల్లో కనిపించే అవకాశం ఉంది. ఒక వ్యాపారి లెక్కలు ఇంకో వ్యాపారి సర్వర్‌లో దొరకడం కన్నా కాస్త నెమ్మదిగా రాయడమే నయం. ఈ ఆప్షన్ పూల్ మొత్తానికి ఒకటే, డిస్కు డిస్కుకీ వేరుగా పెట్టలేం. అందుకని సున్నాలు ఉంచేశాం. మెషీన్లన్నీ మీవే అయి, బయటివాళ్లెవరికీ రూట్ లేకపోతే మీరు ఆపుకోవచ్చు.

తరలింపు ఒక శనివారం రాత్రి మొదలై ఆదివారం నడిచింది. ఇందులో ముఖ్యంగా చెప్పాల్సింది డీడీ (డిస్కుని బ్లాకుల వారీగా కాపీ చేసే కమాండ్) గురించి. థిన్ డిస్కుని మామూలుగా డీడీతో కాపీ చేస్తే రాయని భాగాల సున్నాలు కూడా అవతల నిజంగా రాసేస్తుంది. 500 జీబీ డిస్కులో 90 జీబీ వాడినా, కొత్త పూల్‌లో 500 జీబీ నిండిపోతుంది. అందుకని ముందు ప్రతి మెషీన్‌లోనూ ఎఫ్ఎస్‌ట్రిమ్ నడిపి, ఖాళీ చోటంతా వెనక్కి ఇప్పించాం. తర్వాత మెషీన్లు ఆపి, పాత సర్వర్‌లోకి స్పార్స్ ఫైళ్లుగా (ఖాళీ భాగాలు చోటు పట్టని ఫైళ్లు) తీసుకున్నాం. కొత్త పూల్‌లోకి తెచ్చేటప్పుడు డీడీకి స్పార్స్ కన్వర్షన్ ఇచ్చి, బ్లాక్ సైజు సరిగ్గా 256 కేబీ పెట్టాం. అలా పెడితే పూర్తిగా సున్నాలున్న చంక్‌ని డీడీ దాటేస్తుంది, మిగతా చంకులని పూర్తిగా రాస్తుంది. పూర్తిగా రాసిన చంక్‌కి పూల్ సున్నాలు నింపే పని కూడా పెట్టుకోదు, కాపీ వేగంగా సాగుతుంది. పూల్‌లో సున్నాలు ఆపేసి ఉండి, డీడీకి చంక్ కన్నా చిన్న బ్లాక్ సైజు ఇస్తే మాత్రం ప్రమాదం. సగం రాసిన చంక్‌లో మిగతా సగం డిస్కు మీద ఇంతకు ముందున్న చెత్తతో ఉండిపోతుంది, సున్నాలు ఉండాల్సిన చోట ఇంకేదో ఉంటుంది. ఈ పని ఎవరు చేసినా కాపీ అయ్యేదాకా సున్నాలు ఆన్‌లోనే ఉంచాలని గట్టిగా చెబుతాను.

మెషీన్ల లోపల చేయాల్సింది కొంత ఉంది. వర్చువల్ డిస్కుకి క్యాష్ నన్, ఐఓ నేటివ్, డిస్కార్డ్ అన్‌మ్యాప్ పెట్టాం. డేటాబేస్ డిస్కుకి ప్రత్యేకంగా ఐఓ థ్రెడ్ ఇచ్చాం. స్ట్రైప్ లెక్క మెషీన్ లోపలికి దానంతట అది చేరదు, కాబట్టి కొత్తగా ఫార్మాట్ చేసిన ఎక్స్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్‌కి స్ట్రైప్ యూనిట్ 64 కేబీ, విడ్త్ 4 అని చేత్తో ఇచ్చాం. ఈఎక్స్‌టీ4 అయితే 4 కేబీ బ్లాకుల లెక్కన స్ట్రైడ్ 16, స్ట్రైప్ విడ్త్ 64 అవుతుంది. ఒక పాత మెషీన్‌లో ఎఫ్‌డిస్క్ చూస్తే పార్టిషన్ 63వ సెక్టార్ దగ్గర మొదలైంది. 31.5 కేబీ అన్నమాట, ఏ గీతకీ కలవదు. దాంట్లో ప్రతి 64 కేబీకి ఒక బ్లాక్ రెండు జతల మధ్య చీలిపోతుంది. దాన్ని 2048వ సెక్టార్ నుంచి కొత్త పార్టిషన్ చేసి, ఫైళ్లు ఆర్‌సింక్‌తో తెచ్చాం. షెడ్యూలర్ వగైరా ఎస్ఎస్‌డీల మీద చెప్పుకోదగ్గ తేడా ఏమీ చూపలేదు, వాటి మీద సమయం పెట్టక్కర్లేదు.

డేటాబేస్ విషయంలో ఇంకో అడుగు ముందుకి వేశాం. పోస్ట్‌గ్రెస్ ప్రతి మార్పునీ ముందు రాసుకునే లాగ్, అంటే వాల్ ఫైళ్లు ఒక్కోటి 16 ఎంబీ. వాటికి ఎఫ్‌సింక్ నిత్యం నడుస్తూనే ఉంటుంది. ఇంత సున్నితమైన దాన్ని థిన్ పూల్‌లో ఉంచి సాధించేదేమీ లేదు. దాని సైజు మనకి ముందే తెలుసు, స్నాప్‌షాట్ అక్కర్లేదు. అందుకని పూల్ బయట, ఎన్‌వీఎంఈ జత మీద మామూలు వాల్యూమ్ చేసి అందులో పెట్టాం. డేటా డిస్కు పూల్‌లోనే ఉంది గానీ దాని మీద రాత్రి స్నాప్‌షాట్ ఆపేశాం. డేటాబేస్‌కి బేస్ బ్యాకప్ (మొత్తం నకలు), వాల్ ఆర్కైవ్ (ఆ తర్వాతి లాగ్‌ని దాచడం) పద్ధతి పెట్టాం, ఏ నిమిషానికైనా వెనక్కి వెళ్లే వీలు కూడా దొరికింది. మిగతా మెషీన్లకి స్నాప్‌షాట్లు మామూలుగానే నడుస్తున్నాయి. థిన్ ప్రొవిజనింగ్ మంచి సౌకర్యమే, కానీ ప్రతి డిస్కునీ అందులోనే పెట్టాలన్న నియమం ఏమీ లేదు.

మార్పు తర్వాత మొదటి సోమవారం మా అందరికీ టెన్షనే. తొమ్మిదిన్నరకి ఐఓస్టాట్ తెరిచి కూర్చున్నాం. నాలుగు జతల గీతలూ పక్కపక్కనే నడుస్తున్నాయి, ఏదీ సగం దాటలేదు. రైట్ సమయం ఉదయానికీ మధ్యాహ్నానికీ ఒకేలా ఉంది. పదకొండు దాటినా గుంటూరు నుంచి ఫోన్ రాకపోతే మేడమే వాళ్లకి చేసి అడిగారు. "బాగానే ఉందండీ, ఏం మార్చారు?" అన్నారట. నెలాఖరు రిపోర్టుల రోజున కూడా అదే తీరు.

ఇప్పుడు నేను రోజూ చూసేవి పూల్ డేటా శాతం, మెటాడేటా శాతం. పూల్ నిండితే కెర్నెల్ రైట్లని మామూలుగా 60 సెకన్లు ఆపి ఉంచుతుంది, ఈలోగా చోటు రాకపోతే ఎర్రర్ ఇస్తుంది, మెషీన్లలో ఫైల్ సిస్టమ్‌లు దెబ్బతింటాయి. దాన్ని తప్పించడానికి ఎల్‌వీఎంలో ఆటో ఎక్స్‌టెండ్ ఉంది, కానీ థ్రెషోల్డ్ మొదట 100 దగ్గర ఉంటుంది, అంటే ఆపి ఉన్నట్టే. మేం 80 పెట్టాం. పొడిగించే శాతం మామూలుగా 20 ఉంటుంది. మా 6 టీబీ పూల్‌కి అది 1.2 టీబీ. డిస్కుల్లో మిగిలింది 1 టీబీలోపే, కాబట్టి మొదటిసారే చోటు చాలేది కాదు. 5 శాతానికి తగ్గించాం. స్ట్రైప్డ్ పూల్ పొడగాలంటే నాలుగు జతల్లోనూ ఖాళీ ఉండాలి, ఒక్కదాంట్లో లేకపోయినా ఆగిపోతుంది. అందుకే ఆ జతల మీద ఇంకే వాల్యూమూ పెట్టకూడదని టీమ్‌లో అందరికీ చెప్పి ఉంచాం.

వచ్చే ఏడాది చోటు చాలదని ఇప్పుడే తెలుస్తోంది. ఐదో జత కొని చేర్చే ఆలోచన పక్కన పెట్టేశాం. ఒక్క జత చేరిస్తే పొడిగించిన ముక్క మళ్లీ లీనియరే అవుతుంది, పాత రోగం తిరిగొస్తుంది. దానికి బదులు ఉన్న డిస్కులనే ఒక్కొక్కటిగా పెద్దవాటితో మారుస్తాం. రెయిడ్ 1 జతలో ఒకటి మార్చి సింక్ అయ్యాక రెండోది, తర్వాత ఎండీఆడ్మ్‌తో జత సైజు పెంచి, పీవీరీసైజ్‌తో ఆ సైజుని ఎల్‌వీఎంకి చెబుతాం. నాలుగు జతలకీ ఇదే చేస్తే ఖాళీ నాలుగింట్లోనూ సమానంగా వస్తుంది, మెషీన్లు ఆపకుండానే పూల్ అవే నాలుగు స్ట్రైప్‌లతో పొడుగవుతుంది. మొదటి రెండు డిస్కులకి కొటేషన్ అడిగాం.